మారెక్క కడవలోని రాగులు

మారెక్క విత్తనానికి కంకులు ఏరే తీరు చూసి మొదటిరోజే నాకు ఒళ్లు మండింది. నిండుగా, బరువుగా ఉన్న కంకుల్ని దాటిపోయి ఒక పొట్టి మొక్క దగ్గర ఆగింది. దాని కంకి తెంచి ఒళ్లో వేసుకుంది. నాలుగడుగులు వేసి వేళ్లు విడిపోయిన వంకర కంకి ఒకటి తెంచింది. ఆ తర్వాత ఇంకా సగం పచ్చిగా ఉన్నదాన్ని. విత్తనాల పనిలోనే జుట్టు నెరిసినవాణ్ణి, పరిశోధన క్షేత్రంలో సాంకేతిక సహాయకుణ్ణి, చూస్తూ ఊరుకోగలనా? విత్తనానికి ఎప్పుడూ మంచి కంకులే ఎంచుకోవాలని గట్టు మీద నిలబడి చిన్న ఉపన్యాసమే ఇచ్చాను. ఆమె మర్యాదగా విన్నది. విని, ఒళ్లో ఉన్నవి సర్దుకుని, ఇంకో వంకర కంకి తెంచింది.

ఇది ఎనిమిదేళ్ల కిందటి మాట. కదిరిలో బస్సు దిగి ఆటో పట్టుకుని, ఆటో పోలేని చోట దిగి రెండు మైళ్లు నడిస్తే వాళ్ల ఊరు. ఊరి పేరు రాయను, నేను పనిచేసిన క్షేత్రం పేరూ రాయను. తప్పు వాటిది కాదు, నాది. అందుకని నా పేరు మాత్రం రాస్తున్నాను. నా పేరు విజయభాస్కర్. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చున్నాను. కూర్చున్నవాడికి ఆలోచనలు ఎక్కువ. మారెక్క గురించి నాలుగు మాటలు రాసి పెట్టకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

మారెక్కకు అప్పటికి యాభై దాటాయి. ఎముకలు తప్ప ఒంటి మీద ఏమీ లేని మనిషి. గుట్ట కింద రెండెకరాల ఎర్రనేల, ఒక ఆవు, భర్త ఓబులేసు. ఒక్కతే కూతురు హేమావతి కదిరిలో బట్టలు కుట్టుకుని బతుకుతోంది, అల్లుడు ఆటో నడుపుతాడు. ఊరు ఊరంతా వేరుశనక్కాయ వేసి, బోర్లు వేసి, బోర్లు ఎండి, టమోటా వేసి, అదీ పారబోసి, చివరికి బెంగళూరు పనులకు దారిపట్టినా మారెక్క మాత్రం రాగే వేసింది. పక్క చేను రామాంజనేయులు ఆమెను చూసినప్పుడల్లా ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఎగతాళి చేసేవాడు. చేసేవాడే గానీ, కరువు ఏడాది పిల్లలకు సంగటి లేనప్పుడు చెంబు పట్టుకుని వచ్చేది ఆమె గడపకే.

ఆమె అత్త ఆంజినమ్మ. కొత్త కోడలిగా వచ్చినప్పుడు అత్త మొదట నేర్పింది వంట కాదట, కంకులు ఏరడం. ఆ చేలో రాగి ఒక్కటిగా ఉండదు. ఏడు రకాలు కలిసి ఉంటాయి. పిడికిలి మూసినట్టుండే కంకి ఒకటి, వేళ్లు చాచినట్టుండేది ఒకటి, మోకాలి ఎత్తు దాటని గిడ్డ రాగి, కణుపుల దగ్గర నేరేడుపండు రంగు తేలేది, తెల్లగింజది, అందరికంటే ముందు పండేది, అందరూ కోతలు ముగించుకుని ఇంటికి పోయాక తీరిగ్గా పండేది. చివరి రెంటికీ పేర్లు కూడా లేవు, ముందుది, ఎనకది అంతే. కోతకు ముందు ఆ ఇంటి ఆడమనిషి చేనంతా తిరిగి ఏడింటి నుంచీ తలా ఒక దోసెడు గింజలు వచ్చేన్ని కంకులు తేవాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ ఉండకూడదు. బాగా పండింది కదా అని ఒకదాన్ని ఎక్కువ తీసుకుంటే అత్త చెయ్యి విదిలించి పారబోయించేది. ఏ ఏడాదైనా ఒక రకం చేలో కనబడకపోతే బంధువుల ఊరికి పోయి వాళ్ల చేలో అడిగి తెచ్చుకోవాలి. పంక్తిలో కూర్చున్నాక ఒకరికి ఆకు వేసి ఒకరికి వేయకుండా ఉంటామా అని ఆంజినమ్మ అనేదట.

ఆ గింజల్ని బూడిద, వేపాకు కలిపి కడవలో పోసి, మూతికి బంకమట్టి, పేడ మెత్తి అటకెక్కిస్తారు. విత్తడానికి నేల పదునయ్యే వాన పడితే తప్ప ఆ కడవ కిందికి రాదు. ఇంట్లో పొయ్యి వెలగకపోయినా సరే, పిల్లలు ఏడ్చినా సరే. ఆ ఊళ్లో ఆడవాళ్లు పోట్లాడుకుంటే అనే పెద్ద తిట్టు, "మీది కడవ దించిన ఇల్లు గాను" అని. అంతకంటే పెద్ద మాట లేదు.

నేను అక్కడికి ఎందుకు పోయానో చెప్పాలి. డాక్టర్ సుష్మ అనే శాస్త్రవేత్త హైదరాబాదులో రాగి జన్యువుల మీద పని చేస్తోంది. చిన్న వయసు, పెద్ద బుర్ర. రాగి మొక్క కథ ఆమె నాకు చెప్పింది, నాకు అర్థమైనంత మేరకు చెబుతాను. మనుషులకు జన్యువులు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, జతగా వస్తాయి కదా. రాగికి అట్లాంటి జతల సంసారాలు రెండున్నాయి. ఎన్నో వేల ఏళ్ల కిందట ఆఫ్రికాలో రెండు వేరు వేరు గడ్డిజాతులు కలిసి, ఎవరి సామాను వాళ్లు పూర్తిగా తెచ్చుకుని, ఒకే కణంలో కాపురం పెట్టాయి. అందులో ఒక గడ్డి మన గట్ల మీద ఇప్పటికీ మొలుస్తుంది, రాగి మొక్కేమో అనుకుని కొత్తవాళ్లు పీకకుండా వదిలేస్తారు. రెండోది ఏదో ఎవరికీ తెలియదు. ఎంత వెతికినా ఇంతవరకు దొరకలేదు, లోకంలో లేకుండా పోయిందేమో కూడా.

రెండు సంసారాలు ఒక ఇంట్లో ఉంటే ప్రతి వస్తువూ రెండేసి ఉంటుంది. రెండు రోళ్లు, రెండు చేటలు. ఒకటి విరిగినా ఇల్లు నడుస్తుంది. కాలం గడిచేకొద్దీ కొన్ని మూలన పడతాయి, కొన్ని పారేస్తారు, కొన్నిటిని వేరే పనికి వాడుకుంటారు. ఒక్కో రకం రాగి ఒక్కో తీరుగా సర్దుకుంది. ఒకటి వానను తొందరగా వాడుకుని పండితే, ఇంకొకటి ఆకు ముడుచుకుని వానకోసం కాచుకుంటుంది. వర్షం ఎప్పుడొస్తుందో దేవుడికి కూడా తెలియని మా నేల మీద ఇన్ని తరాలు బతికిన రాగిలో ఏది మిగిలిందో, ఏది మూగబోయిందో చదవాలని సుష్మ పట్టుదల. చదవడానికి చిక్కేమిటంటే రెండు సంసారాల సామానూ ఇంచుమించు ఒకేలా ఉండి కలగాపులగం అవుతాయట. అందుకని ఒకే ఒక్క మొక్క, దాని సంతానం, శుద్ధంగా కావాలంది. పాత విత్తనం ఎవరి దగ్గర ఉందో వెతికి తెచ్చే పని నాకు పడింది.

మారెక్క రెండు కిలోల సంచి ఇచ్చింది. ఇచ్చే ముందు చాలాసేపు ఆలోచించింది. ఆ ఇంట్లో విత్తనం అమ్మరు, అడిగినవాళ్లకు ఊరికే ఇస్తారు, కానీ మనిషిని చూసి ఇస్తారు. ఓబులేసు వాకిట్లో కూర్చుని సంగటి ముద్ద మింగుతూ ఇయ్యమన్నట్టు తల ఊపాడు. అతను మాటల మనిషి కాదు, తిండి మనిషి. పూటకు మూడు ముద్దలు. తన చేని రాగైతే ఇంకో సగం.

"ఏడూ ఉండాయి సారూ ఇందులో," అంది మారెక్క. "ఒగదాన్ని పెట్టుకోని ఒగదాన్ని ఇడ్సొద్దు."

అప్పుడు నేనన్న మాట నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. ఆమెకు ధైర్యం చెప్పాలని వాళ్ల యాసలోనే అన్నాను. "నీకెందుకు మారెక్కా దిగులు. మాకాడ చల్లగదిలో యాభై ఏండ్లయినా చెడవు. రేపు నీ ఇంట్లో కడవ పగిలిపోయినా నీ రాగులు మాకాడ భద్రంగా ఉంటాయి."

ఆమె ముఖం వెలిగింది. ఆ వెలుగు చూసి నేను ఏదో పుణ్యకార్యం చేసినవాడిలా ఇంటికొచ్చాను.

క్షేత్రంలో ఆమె విత్తనం కొంచెం ఒక మడిలో వేశాం. రెండు నెలలకు ఆ మడిని చూస్తే నాకు సిగ్గేసింది. ఒకటి నడుమెత్తు, ఒకటి మోకాలెత్తు, ఒకటి కంకి వేస్తే ఒకటి ఇంకా ఆకులోనే ఉంది. విత్తనాల మనిషికి వరసలో హెచ్చుతగ్గులు కనబడటమంటే అన్నంలో రాయి తగిలినట్టే. ముప్పై ఏళ్లు నాకు నేర్పిన విద్య అదొక్కటే. తేడాగా ఉన్నదాన్ని పీకెయ్, ఒకేలా ఉన్నదాన్ని ఉంచు. రిజిస్టర్‌లో ఆ రోజు నా చేత్తో రాశాను, "వచ్చిన నమూనా కల్తీ. శుద్ధి చేయవలెను." పిడికిలి కంకి ఉన్న ఒక్క మొక్కను, అందులో అందమైనదాన్ని ఎంచాను. కంకికి కాగితం సంచి తొడిగాను. మిగతా మొక్కల్ని పీకించాను. మరుసటి పంటకు ఆ ఒక్క మొక్క పిల్లలతో మడి నిండింది. దారం పట్టి కోసినట్టు ఒకే ఎత్తు. పై అధికారులు వచ్చి చూసి మెచ్చుకున్నారు. ఆకులు సుష్మకు పోయాయి, గింజలు చల్లగదికి పోయాయి. కవరు మీద గౌరవంగా "మారెక్క రాగి" అని రాయించాను. ఎంత మంచివాణ్ణో నేను.

ఏడాది తర్వాత సుష్మ ఫోన్ చేసింది. జన్యువుల పటం బాగా వచ్చిందట, రెండు సంసారాల సామానూ విడివిడిగా కనబడుతోందట. గొంతులో సంబరం దాగడం లేదు. ఇక అసలు పని మొదలు పెడదాం, ఆ చేలోని మిగతా రకాలు పంపండి, పక్కపక్కన పెట్టి ఏది ఏం పోగొట్టుకుందో, ఏం నిలుపుకుందో చూడాలి అంది. లేవన్నాను. లేవంటే, అని అడిగింది. శుద్ధి చేసేశాం కదా మేడమ్ అన్నాను. ఒక్క మొక్క చదవడానికి కావాలన్నాను గానీ మిగతావి వద్దనలేదు కదండీ అంది మెల్లగా. నాకు ఆ పూట భయమేసింది. అయితే ఆ భయం నా ఉద్యోగం గురించి. అప్పుడు కూడా మారెక్క నాకు గుర్తు రాలేదు. ఈ సంగతి దాచితే ఇదంతా రాయడం దండగ.

ఆ రెండేళ్లూ వానలు మొహం చాటేశాయి. మారెక్క ఒక ఏడాది విత్తింది, ఏడు దోసెళ్లే మిగిలాయి, వాటినే మళ్లీ కడవకెత్తింది. రెండో ఏడాది విత్తే పదునే రాలేదు. కడవ అటక మీదే ఉంది. ఆ చలికాలంలో ఓబులేసుకు మింగుడు పడటం మానేసింది. అనంతపురం ఆసుపత్రిలో చూసి గొంతు కింద గడ్డ అన్నారు, చెడ్డ గడ్డ. కొన్నాళ్లు మందులు ఎక్కించి, ఇంక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. పూటకు మూడు ముద్దలు తినే మనిషి పలుచటి గంజి కూడా చెంచాతో తాగాల్సి వచ్చింది. హేమావతి అంగట్లో రాగిపిండి తెచ్చి కాచింది. తల తిప్పేసుకున్నాడు. ఇంకో అంగడిది తెచ్చింది. అదీ వద్దన్నాడు. అతను అటక వైపు చూశాడట. నోటితో అడగలేదు. ఆ ఇంట్లో పుట్టినవాడు, అడగకూడదని అతనికి తెలుసు.

మారెక్క మూడు రోజులు ఓర్చుకుంది. నాలుగో రోజు నిచ్చెన వేసింది. హేమావతి అడ్డం పడి, అమ్మా ఊళ్లో ఏమంటారు, వాన పడితే ఏం విత్తుతావు అంది. మారెక్క ఏమందో హేమావతి తర్వాత నాకు చెప్పింది. "సారోళ్లకాడ ఉండాయిలేమ్మా. చెడవని చెప్పినాడు." నా మాట మీద భారం వేసి ఆ ఆడమనిషి కడవ దించింది. నిచ్చెన కింద నిలబడి చేతికి అందుకున్నది నేను కాదుగానీ, దించింది నేనే.

ఓబులేసు ఆ గంజి మొదటి చెంచా నోట్లో ఉంచుకుని కళ్లు మూసుకుని, "మన్ది" అన్నాడట. ఒకే మాట. కడవలో ఉన్నది ముప్పై ఎనిమిది రోజులు వచ్చింది. ఆమె రోజుకింత అని తిరగలిలో వేసి, పిండి గాలికి పోకుండా కొంగు అడ్డం పెట్టుకుని విసిరేది. కడవ అడుగు తగిలిన మూడో రోజు అతను పోయాడు.

పుష్యమి కార్తెలో, జూలై చివర, విత్తే పదును వాన పడింది. మర్నాడు ఉదయం పదింటికి మారెక్క మా క్షేత్రం గేటు దగ్గర ఉంది. చేతిలో ఉతికి ఆరేసిన గుడ్డసంచి. ఓబులేసు సంగతి, కడవ సంగతి అప్పుడే నాకు తెలిసింది. చెబుతున్నంతసేపూ ఆమె ఏడవలేదు. విత్తనం కోసం వచ్చిన ఇంటికి ఏడుపు తీసుకురాకూడదని పైట చెంగుతో ముఖం తుడుచుకుని వచ్చింది.

ఆ క్షణంలో నిజం చెప్పి ఉండాల్సింది. మారెక్కా, నీ ఏడింటిలో ఒక్కటే ఉంది నా దగ్గర అని చెప్పి ఉంటే ఆమె అప్పుడే ఏడ్చి, బంధువుల ఊళ్లకు పోయి, ఎక్కడైనా రెండు మూడు రకాలు దొరకబుచ్చుకుని విత్తుకునేదేమో. నేను లోపలికి పోయి మూడు కిలోలు తూచి తెచ్చాను. ఆమె ఒక దోసెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. అరచేతుల మధ్య నలిపి, ఊది, వెలుతురుకు పట్టి చూసింది.

"తెల్లది కనపడదే సారూ," అంది.

"అడుగున ఉంటాయిలే," అన్నాను.

"అన్నీ ఉండాయి గదా?"

"ఉండాయి."

నా నోటి నుంచి అది అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. ఆమె సంచిని కళ్లకద్దుకుని పోయింది.

తర్వాత జరిగింది హేమావతి చెప్పగా విన్నాను. చేను బ్రహ్మాండంగా మొలిచింది. రామాంజనేయులు గట్టు మీద నిలబడి ఈసారి ఎగతాళి చేయలేదు, కంపెనీవాళ్ల చేను మాదిరి ఉండాదక్కా అని మెచ్చుకున్నాడు. కలుపు తీసేటప్పుడు మారెక్క ఒక్కో సాలు వెంట నడుం వంచి కణుపులు చూసుకుంటూ పోయింది. నేరేడు రంగు ఎక్కడా లేదు. మర్నాడు మళ్లీ మొదటి సాలు నుంచి చూసింది. చెవిపోగు పారేసుకున్నదానిలా ఇన్ని రోజులు ఏం వెతుకుతున్నావమ్మా అని కూతురు విసుక్కుంది. చల్లగదిలో పెట్టినారు కదా, చలికి రంగు పోయి ఉంటాదిలే, కంకి ఏసినప్పుడు తెలుస్తాది అని మారెక్క సమాధానం చెప్పిందట. నన్ను వెనకేసుకొచ్చింది. గిడ్డరాగి కనబడకపోతే, బలానికి పెరిగినట్టుండాది అంది. ముందుది రాకపోతే, ఈసారి ఆలస్యమేమో అంది. తనను తాను ఎన్నిసార్లు మభ్యపెట్టుకుందో ఆ దేవుడికే తెలియాలి.

ఉత్తర కార్తె చివర రెండెకరాల్లో ఒకే వారంలో కంకులు బయటపడ్డాయి. అన్నీ పిడికిలి కంకులే.

వాన పుబ్బలోనే ఆగిపోయింది. ఉత్తర పోయింది, హస్త పోయింది, చిత్త సగం పోయింది. మబ్బు రావడం, కర్ణాటక వైపు పోవడం. కంకిలో పాలు పోసుకునే సమయానికి నేలలో తడి లేదు. ఇట్లాంటి బెట్ట ఆ చేనికి కొత్త కాదు. ముందుది ఈలోపలే గింజ కట్టేసి ఉండేది. ఎనకది ఇంకా ఆకులో దాక్కుని స్వాతి వానకోసం చూస్తూ ఉండేది. గిడ్డది ఉన్న తడితోనే సరిపెట్టుకునేది. ఏడింటిలో నాలుగు పోయినా మూడు ఇంటికొచ్చేవి. ఈసారి చేనంతా ఒకే ప్రాణం. దాని గొంతు ఎండితే అంతా ఎండింది.

స్వాతిలో వాన కురిసింది. తాగడానికి ఎవరూ లేరు.

నాకు కబురు తెలిసి వారం సెలవు పెట్టాను. ఆమె పుట్టింటి ఊరు, ఆంజినమ్మ పుట్టిన ఊరు, వాళ్ల వియ్యాలవారి ఊళ్లు అడిగి తెలుసుకుని ఒక్కోటీ తిరిగాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. చాలా ఊళ్లలో రాగి మానేసి ఇరవై ఏళ్లయింది. ఒక ఊళ్లో ఒకాయన గర్వంగా తన రాగి చేను చూపించాడు. ఒకే ఎత్తు, ఒకే పచ్చదనం. విత్తనం ఎక్కడిదని అడిగితే మా క్షేత్రం నుంచే తెచ్చానన్నాడు. ఒక ఇంట్లో గిడ్డరాగి పేరు చెప్పగానే ముసలామె నవ్వి, నేను పెండ్లయి వచ్చినప్పుడు ఉన్నింది నాయనా అంది. ఏడు రోజులు తిరిగి వట్టి చేతులతో ఎనిమిదో రోజు మారెక్క చేనికి పోయాను.

ఆమె గట్టు మీద చేట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. కంకి తీసి అరచేతిలో నలిపి ఊదుతోంది. పొట్టంతా ఎగిరిపోయి చేతిలో ఏమీ మిగలడం లేదు. ఇంకో కంకి తీస్తోంది. నన్ను చూసి కూర్చోమని పక్కకు జరిగింది. నేను నిలబడే చెప్పాను. కల్తీ అని రాసిన దగ్గరనుంచి, ఒక్క మొక్కకు సంచి తొడిగిన దగ్గరనుంచి, అడుగున ఉంటాయిలే అన్నంతవరకు చెప్పాను. ఎందుకు చేశానో చెప్పబోయి ఆపుకున్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. శాపనార్థాలు పెట్టలేదు. చేట కింద పెట్టింది. చేతిలో ఉన్న కంకిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీంట్లో నుంచి మళ్లా పుడతాయా అవి? ఏండ్లు ఏండ్లు ఏస్తాపోతే?"

సుష్మ చదివిందంతా, నేను విన్నదంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. అబద్ధం ఒకసారి చెప్పాను, రెండోసారి నా వల్ల కాలేదు. "ఎట్లాంటివో పుట్టొచ్చు మారెక్కా. అవే పుట్టవు. ఏవైనా పుట్టాలన్నా వందల ఏండ్లు, వేల ఏండ్లు. నీ కాలంలో గాదు, నా కాలంలో గాదు," అన్నాను.

తల ఊపింది. నీ తప్పేముందిలే సారూ, కడవ దించింది నేను గదా అంది. ఏడింట్లో ఒగదాన్నీ పోనీయనని మా అత్తకు ఇచ్చిన మాట నేను తప్పినాను అంది. కడవ దించినందుకు బాధ లేదు, ఆయన మూడుపూటలా తాగినాడు, కానీ అత్తకేం చెప్పేది అని ఇంకా ఏదో అంటూ అప్పుడు ఏడ్చింది. వయసైన మనిషి చేతిలో కంకి పట్టుకుని అట్లా ఏడుస్తుంటే చూడటం నా శత్రువుకు కూడా వద్దు. నేనూ ఏడ్చాను. మగవాణ్ణి, ఉద్యోగిని అన్నది గుర్తు రాలేదు.

కాసేపటికి కళ్లు తుడుచుకుని ఆమె అడిగింది. "ఆ పొద్దు నేనిచ్చిన సంచిలో ఏసినంత ఏసి ఉంటారు. మిగిలింది యాడ పోస్తివి?"

ఈ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. ఎవరూ ఎప్పుడూ అడగలేదు. శుద్ధి అయ్యాక ఆ సంచి మా స్టోరు గదిలో అడ్డంగా ఉంటే ఒక సాయంత్రం స్కూటర్ మీద ఇంటికి తీసుకుపోయాను. కిలోన్నర దాకా ఉంటుంది. మా ఆవిడ జయంతి బాగు చేసి మిల్లులో ఆడించింది. రెండు వారాలు సంగటి చేసుకున్నాం, ఊరుబిండి పచ్చడితో. చుట్టాలు వస్తే వాళ్లకూ పెట్టాం. చెప్పాను. ఏ మాటా దాచకుండా చెప్పాను.

మారెక్క నా ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం ఉంటుందేమోనని వెతికాను. ఉండి ఉంటే నాకు బాగుండేది.

"ఎట్లుండె?" అని అడిగింది.

ఆమె జవాబు కోసం చూస్తోంది.

"బాగుండె," అన్నాను.

"ఉంటాది," అంది మారెక్క. "ఏడూ కలిస్తే అట్లనే ఉంటాది."

కొడవలి అందుకుని లేచి, ఎండిన మొక్కల్ని ఆవు మేతకు కోయడానికి చేలోకి దిగింది.